ఆంగ్లభాషలో ‘సెట్’ శబ్దము: నానార్థవిచారము

ఒక శబ్దమున కనేకార్థము లుండుట భాషకు దోషమా, గుణమా యను ప్రశ్న శాస్త్రజ్ఞుల కెల్లరకును బరిచితమైనదే. భోజనపంక్తియందుఁ గూర్చున్నవాఁడు సైంధవమును దెమ్మన్నచో ఉప్పు తేవలెను. పయనమునకు సిద్ధమైనవాఁ డదే మాట పలికినచో గుఱ్ఱమును దేవలెను. ఈ యుదాహరణమును జదివిన విద్యార్థి యెవ్వఁడును గుఱ్ఱమును విస్తరిలో వడ్డింపఁడు. కాని యాతఁడే ఆంగ్లపాఠము చదువునపు డొక్కొక్క శబ్దమున కొక్కొక్క తెలుఁగుమాటను గంఠస్థము చేసి, సందర్భ మెట్టిదైనను ఆ మాటనే వడ్డించుచుండును.

ఇందువలనఁ గలుగు చిక్కు పాఠశాలతో ముగియదు. ప్రతివాది హాజరుకానపు డేకపక్షముగా నీయఁబడిన డిక్రీని ‘సెట్ అసైడ్’ చేయించుకొను మార్గమును 1908 నాఁటి సివిల్ ప్రొసీజర్ కోడు, 9వ ఆర్డరు 13వ రూలునందుఁ జెప్పుచున్నది. ఈ రెండు మాటలకుఁ దెలుఁగు పత్రికలలోఁ దఱచుగాఁ గనఁబడు ననువాదము ‘పక్కన పెట్టుట’. తెలుఁగున నొక కాగితమును బ్రక్కనఁ బెట్టుట యనఁగాఁ దరువాతఁ జూచుకొందమని యుంచుట. న్యాయస్థానము వాడిన మాటకో, ఆ డిక్రీ రద్దయినదని యర్థము. డిక్రీ యిఁక లేదు, వ్యాజ్యము మరల విచారణకు వచ్చును. ఒకే వాక్యమును జదివిన యిద్దఱు కక్షిదారులలో నొకఁడు తీర్పు వాయిదాపడినదనియు, మఱియొకఁడు తీర్పే పోయినదనియుఁ దలంచుటకుఁ గారణము ‘సెట్’ అను చిన్నమాటయే. కావున నీ శబ్దమును శాస్త్రదృష్టితోఁ బరిశీలించుట వినోదమాత్రము కాదు.

నానార్థములు గల యాంగ్లశబ్దములలో దీనికిఁ గల స్థానము మిక్కిలి గొప్పది. లండనునందలి భాషాశాస్త్రపరిషత్తు 1857లో సంకల్పింపఁగా, 1884లో మొదటి సంచిక వెలువడి, 1928లో ముగిసిన ఆక్స్‌ఫర్డు మహానిఘంటువునం దన్నింటికంటె దీర్ఘమైన యారోపము దీనిదే. ఆ భాగమునకు సంపాదకుఁడు హెన్రీ బ్రాడ్లీ. 1989లో వెలువడిన రెండవ కూర్పున సెట్ క్రియకు 430కిఁ బైఁగా నర్థములు చెప్పఁబడినవి. ఆ వివరణ యించుమించు 60,000 మాటల పరిమాణము గలది. ఒక్క శబ్దమునకు వ్రాసిన వ్యాఖ్య యొక గ్రంథమంత యైనది. తరువాతి సంస్కరణమున ‘రన్’ అను క్రియ 645 అర్థములతో దీనిని మించినది. అయినను రన్ శబ్దమునందు మూలార్థమైన పరుగు ప్రాయికముగాఁ బైకిఁ గనఁబడుచుండును. సెట్ నందు మూలార్థము మఱుఁగుపడినది. విచారమున కిదియే యెక్కువ తగినది.

ఇందు విచారింపవలసినవి మూఁడు: ఈ యర్థములన్నిటికి మూలమెయ్యది? శబ్ద మొకటియా, అనేకములా? వినువాఁ డే సాధనముచే నొక యర్థమును నిర్ణయించుకొనును?

ధాతువిచారము

ఆంగ్లమునఁ గూర్చుండుటకు ‘సిట్’ అని పేరు. దానికిఁ బ్రేరణరూపము ‘సెట్’. కూర్చుండఁబెట్టుట యని దీని మొదటి యర్థము. ప్రాచీనాంగ్లమున నివి సిత్తన్, సెత్తన్ అని యుండెను. అంతకుఁ బూర్వమైన జర్మానిక మూలభాషయందు సెట్ క్రియకు ‘సత్యన్’ అని రూపము. అందలి యకారము ప్రేరణప్రత్యయమునకుఁ జెందినది. ఆ యకారమే ముందున్న యచ్చును ‘ఎ’కారముగా మార్చి తాను లోపించినది. ప్రత్యయము పోయినను దాని కార్యము నిలిచినదన్నమాట. పడుకొనుట ‘లై’, పడుకొనఁబెట్టుట ‘లే’. లేచుట ‘రైజ్’ నందలి దీర్ఘ ఇకారరూపము, లేపుట ‘రేజ్’. పడుట ‘ఫాల్’, చెట్టును బడఁగొట్టుట ‘ఫెల్’ — ఇవియు నిట్టి జంటలే. ణిచ్‌ప్రక్రియ నెఱిఁగిన విద్యార్థికి దీనిని బోధించుట సులభము.

సంస్కృతమున సద్ ధాతువు ప్రేరణమున ‘సాదయతి’ యగుచున్నది. సిట్, సెట్ అను జంటకును, సీదతి, సాదయతి యను జంటకును గల పోలిక కాకతాళీయము కాదు, రెండును నేకమూలములు. సంస్కృతమునందలి దకారమునకు బదులుగా నాంగ్లమునఁ దకారము వచ్చుట నియతము. దశ శబ్దమునకు ‘టెన్’, ద్విశబ్దమునకు ‘టూ’, పదశబ్దమునకు ‘ఫుట్’, అదనార్థకమైన అద్ ధాతువునకు ‘ఈట్’ సాక్ష్యములు. ఈ వర్ణవ్యత్యయనియమమును యాకబ్ గ్రిమ్ అను జర్మను పండితుఁడు 1822లో విశదముగాఁ బ్రతిపాదించెను. పక్షిగూఁటిని జెప్పు ‘నెస్ట్’ అను మాటయు, సంస్కృతమున నదే యర్థముగల నీడశబ్దమును, ని అను నుపసర్గతోఁ గూడిన యీ ధాతువునుండియే పుట్టినవి. పక్షి దిగి కూర్చుండుచోటు గూఁడు. లాటిను ద్వారమున నాంగ్లమునకు వచ్చిన ప్రెసిడెంటు శబ్దమునకు ముందు కూర్చుండువాఁడని యవయవార్థము. సదస్సు, సంసత్తు, పరిషత్తు అను మన సభానామములు నీ ధాతువునకుఁ జెందినవే.

అయినను ధ్వనిసామ్యమును బట్టియే బంధుత్వమును గల్పింపరాదు. దుఃఖితుఁడని యర్థమిచ్చు ‘సాడ్’ అను నాంగ్లశబ్దమును విషాదశబ్దముతోఁ గలుపుట కెవ్వరికైన నుత్సాహము పుట్టవచ్చును. అది పొరపాటు. ఆ శబ్దమునకు మొదటి యర్థము తృప్తుఁడు, కడుపు నిండినవాఁడు. నిండుటవలన బరువును, బరువువలన గాంభీర్యమును, దానివలన దుఃఖమును గ్రమముగా నర్థములైనవి. అందు దకారము మాఱక నిలుచుటయే యది వేఱు శబ్దమనుటకు సూచన.

పాణినీయ ధాతుపాఠమున సద్ ధాతువునకు విశరణము, గతి, అవసాదనము అని మూఁడర్థములు పఠింపఁబడినవి. కూర్చుండుట యను నర్థమును బ్రత్యేకముగాఁ జెప్పక క్రిందికి దిగుటను జెప్పుట గమనింపఁదగినది. ఆంగ్లమున ‘సూర్యుఁడు సెట్ అగుచున్నాఁడు’ అనఁగా నస్తమించుచున్నాఁడని యర్థము. పైకిఁ జూడఁగా నుంచుటకును, అస్తమించుటకును సంబంధము లేనట్లు తోఁచును. అవసాదనమను నర్థమును ముందుంచుకొన్నచో నా చిక్కు విడిపోవును: దిగి కుదురుకొనుట రెంటికి సమానము.

అర్థముల యనుక్రమము

నిఘంటువు నందలి నాలుగువందల యర్థములను విడివిడిగాఁ జదివినవానికిఁ దల తిరుగును. వానిని మూలార్థమునకుఁ గల దూరమునుబట్టి కూర్చినచో నాఱు తెఱఁగులు చాలును.

మొదటిది స్థాపనము. దీపమును బల్లపై నుంచుట, నారును నాటుట, బోనును బన్నుట యిందుఁ జేరును. రెండవది సంఘటనము. ఉంగరమున రత్నమును బొదుగుట, ముద్రణమున సీసపుటక్షరములను గూర్చుట, పాటకు వరుస కట్టుట యిట్టివి. మూఁడవది సంస్కారము, ఒక వస్తువును దాని యుచితస్థితికిఁ దెచ్చుట. విఱిగిన యెముకను సరిచేయుట, గడియారమును దిద్దుట, మంగలికత్తికి వాదర నిలుపుట, ఱంపపుఁబండ్లను నొకదాని కొకటి యెదురు దిక్కులకు వంచుట యన్నిటికి నీ క్రియయే. నాలుగవది నియమనము. వెలను, తేదిని, హద్దును, పరీక్షకుఁ బ్రశ్నలను నిర్ణయించుట యిందలిది. ఇచట నుంచఁబడు వస్తువు మూర్తము గాదు. అయినను ఇఁకఁ గదలదను భావము మిగిలియున్నది.

అయిదవది ఘనీభావము. పాలు పెరుఁగుగాఁ దోడుకొనుట, సిమెంటు గట్టిపడుట. ఇచ్చటఁ గర్త యెవఁడు? సిమెంటును మఱియొకఁ డుంచలేదు, అదియే కుదురుకొన్నది. కర్మయే కర్తయైనట్లు వివక్షించు కర్మకర్తృప్రయోగమును వైయాకరణు లెఱుఁగుదురు. అన్నము తనంతఁ దాను వండఁబడుచున్నదన్నచో వండువాని ప్రయత్నము వివక్షింపఁబడదు. ప్రేరణార్థకమైన క్రియ యకర్మకమగుట కిట్టి వివక్షయే మార్గము.

ఆఱవది ప్రవర్తనము, అనఁగాఁ గదలించుట. ఇంటికి నిప్పు పెట్టుట, ఒకనిపైఁ గుక్కను ఉసికొల్పుట, యంత్రమును నడపింప మొదలిడుట, ఓడ చాపలెత్తి బయలుదేరుట. కూర్చుండఁబెట్టుట యను మూలార్థమునుండి కదలించుట యను విరుద్ధార్థ మెట్లు పుట్టినదని పూర్వపక్షము కలుగును. దీనికి సమాధానము తెలుఁగునందే కలదు. పిల్లవానిని బనికిఁ బెట్టినామందుము. అందుఁ బెట్టుట యనఁగా నొకచోటఁ గదలకుండ నుంచుట గాదు. ఒక వ్యాపారమున నిలుపుట. నిలుపఁబడినది వ్యాపారమే యైనప్పుడు, నిలుపుట కదలించుట యగును. ‘మొదలు పెట్టు’, ‘పరుగు పెట్టు’ అను ప్రయోగములు దీనికిఁ దార్కాణములు.

పెట్టు, పొదుగు, కుదురు

సెట్ శబ్దమున కర్థబాహుళ్యము గల్గుట యాంగ్లమునకు నియమము లేమిచేత నని కొందఱందురు. ఆ మాట నిలువదు. తెలుఁగున ‘పెట్టు’ క్రియను జూడుఁడు. అన్నము పెట్టుదుము; పేరు పెట్టుదుము; బొట్టు పెట్టుదుము; ఊరుఁగాయ పెట్టుదుము; ముహూర్తము పెట్టుదుము; పందెము పెట్టుదుము; సెలవు పెట్టుదుము; కోడి గ్రుడ్డు పెట్టును; దొంగ కన్నము పెట్టును; అల్లరివాఁడు పేచీ పెట్టును. తెలుఁగు నేర్చుకొను విదేశీయుఁ డీ పదింటిని జూచినచో, మన విద్యార్థి సెట్ శబ్దమును జూచి పడినంత దిగులును బడును. మాతృభాష గావున మన కీ యర్థభేదమే తోఁపదు.

ఈ రెండు క్రియలును గొన్నియెడలఁ గలియును. నిప్పు, వెల, ముహూర్తము విషయమున రెండును సమానములు. కొన్నియెడల విడిపోవును, ఆంగ్లేయుఁడు పేరును గాని, సెలవును గాని, గ్రుడ్డును గాని ‘సెట్’ చేయఁడు. కాఁబట్టి ‘సెట్ అనఁగాఁ బెట్టు’ అని చెప్పిన యుపాధ్యాయుఁడు సగము సత్యమును జెప్పినవాఁ డగును. మిగిలిన సగమున విద్యార్థి చిక్కుకొనును.

ఇంతకంటె నాశ్చర్యకరమైనది పొదుగు క్రియ. ఉంగరమున రత్నమును బొదుగుదురు. కోడి గ్రుడ్లను బొదుగును. ఆంగ్లమున రత్నమును బంగారమున ‘సెట్’ చేయుదురు. కోడిని గ్రుడ్లపైఁ గూర్చుండఁబెట్టుటయు ‘సెట్’ చేయుటయే. తెలుఁగు ద్రావిడకుటుంబమునకుఁ జెందినదని 1816లోనే ఎల్లిస్ దొర నిరూపించెను. ఆంగ్లమునకు దీనితో మూలబంధుత్వము లేదు. ఈ రెండు క్రియలు నొకదానినుండి యొకటి పుట్టినవి కావు. అయినను గంసాలి పనియుఁ గోడి పనియు రెండు భాషలయందు నొక్కొక్క క్రియ క్రిందికే వచ్చినవి. ఒక వస్తువు మఱియొకదాని నంటి, కదలక, దానిని జుట్టుకొనియుండుట రెండుచోట్ల సమానధర్మము. భాషలు వేఱైనను, సాదృశ్యమును గ్రహించు బుద్ధి యొక్కటే. నానార్థత్వము యాదృచ్ఛికము కాదనుట కింతకు మించిన నిదర్శనము వెదక నక్కఱలేదు.

సిట్, సెట్ జంటకుఁ దెలుఁగున సరియైన జోడు కుదురు, కుదుర్చు. కుండ క్రింద నుంచు చుట్టకుఁ గుదురని పేరు. మనసు కుదురును, రోగము కుదురును, పెండ్లి కుదురును. ఈ మూఁటిలో మొదటిది స్థైర్యము, రెండవది సంస్కారము, మూఁడవది నియమనము. పైఁ జెప్పిన తెఱఁగులే. నేఁటి యువకులు సంబంధము ‘సెట్ అయినది’ అనునపుడు, కుదిరినదను నింటిమాటనే పరభాషావేషముతోఁ బలుకుచున్నారు.

ఉపసర్గల బలము

సంస్కృతమున హృ ధాతువు ప్ర, ఆ, సం, వి, పరి అను నుపసర్గలతోఁ గూడి ప్రహారము, ఆహారము, సంహారము, విహారము, పరిహారము అని విభిన్నార్థములను బొందుట బాలురకుఁ గూడఁ దెలిసినదే. ఆంగ్లమున నీ పనిని జేయునవి అప్, ఆఫ్, ఔట్, ఇన్, అసైడ్ మొదలగు నవ్యయములు. అవి క్రియకుఁ దరువాత వచ్చును. నడుమఁ గర్మపదముచే వ్యవహితములును గావచ్చును. ఇది మనకు వింత గాదు. ఉపసర్గలు ధాతువునకు ముందే ప్రయోగింపఁబడవలెనని విధించిన పాణిని, వేదమున నవి తరువాతను, వ్యవధానముతోను వచ్చునని ప్రథమాధ్యాయ చతుర్థపాదముననే చెప్పియున్నాఁడు. లౌకికసంస్కృతమున నశించిన యా స్వాతంత్ర్య మాంగ్లమున నేఁటికిని గలదు.

‘సెట్ అప్’ అనఁగా నెలకొల్పుట. ‘సెట్ ఇన్’ అనఁగా వానకాలము వంటిది వచ్చి స్థిరపడుట. ‘సెట్ ఔట్’ అనఁగా బయలుదేరుట. ‘సెట్ అపాన్’ అనఁగాఁ బైఁబడి కొట్టుట. ‘సెట్ ఆఫ్’ అనునది యొక్కటే నాలుగు తెఱఁగుల నర్థమిచ్చును: పయనమగుట, మందుగుండును బ్రేల్చుట, ఒక రంగు ప్రక్కనున్న రంగునకు శోభ గూర్చుట, ఒకరి బాకీని మఱియొకరి బాకీకిఁ జెల్లువేయుట. ఈ కడపటి యర్థమునకు సివిల్ ప్రొసీజర్ కోడున 8వ ఆర్డరు 6వ రూలు స్థానము.

ఉపసర్గలకు స్వతంత్రార్థము లేదని శాకటాయనుఁడును, కలదని గార్గ్యుఁడును వాదించినట్లు యాస్కుఁడు నిరుక్తమునఁ దెలిపియున్నాఁడు. సెట్ అసైడ్ ఈ వాదమునకు మంచి పరీక్షాస్థలము. అసైడ్ అనఁగాఁ బ్రక్కకు అని స్వతంత్రార్థము కలదు. ధనమును జదువుకొఱకు ‘సెట్ అసైడ్’ చేసినాఁడన్నచో నా యర్థము చెడలేదు; వేఱుగా నుంచినాఁడని తెలియుచున్నది. తీర్పును సెట్ అసైడ్ చేసినారన్నచో, తీర్పు ప్రక్కనను లేదు, ఎక్కడను లేదు. మొదటియెడ యోగము ప్రవర్తించినది. రెండవయెడ యోగమును రూఢి జయించినది. అవయవార్థమును బట్టి యనువదించినవాఁడు రెండవయెడఁ దప్పినాఁడు.

శబ్ద మొకటియా, అనేకములా

ఇంతవఱకుఁ జెప్పినది క్రియను గూర్చి. పాత్రల ‘సెట్టు’, పుస్తకముల ‘సెట్టు’ అను నామవాచకము మాట యేమి? ఉంచఁబడినది గావున సెట్ అని వ్యుత్పత్తి చెప్పుట సులభము. కాని యది పూర్ణముగా సత్యము గాదు. సమూహార్థకమైన ‘సెట్’ ప్రాచీన ఫ్రెంచిభాషలోని ‘సెత్’ శబ్దమునుండి వచ్చినది. దానికి మూలము లాటినుభాషలోని ‘సెక్త’. ఒకని ననుసరించువారి గుంపని యర్థము. మతశాఖను జెప్పు ‘సెక్ట్’ అను నాంగ్లశబ్దమును దీని తోఁబుట్టువే. సెక్త శబ్దమునకు ధాతువు అనుసరణార్థకము. సంస్కృతమున దానికి సోదరము సచ్ ధాతువు. మంత్రిని జెప్పు సచివశబ్ద మందుండి పుట్టినది. ధాతుపాఠమున నా ధాతువునకు సమవాయమని యర్థము చెప్పఁబడుట యిచటఁ జక్కఁగా సరిపోవుచున్నది. కాఁగా, ఉంచుటను జెప్పు సెట్ సద్ ధాతువంశమునకును, సమూహమును జెప్పు సెట్ సచ్ ధాతువంశమునకును జెందినవి. రెండు నదులు గలిసినట్లు ధ్వనిలో నేకమైన పిమ్మట, రెండవదాని యర్థమును మొదటిదాని యర్థము కొంత తడిపినది. కూర్పఁబడిన సమూహమను భావ మట్లు కలిగినది.

ప్రతి యర్థమునకు శబ్దము వేఱను పక్షమును, శబ్ద మొక్కటియే యర్థము లనేకములను పక్షమును మన శాస్త్రమునఁ బ్రసిద్ధములు. పాచికకును, బండియిరుసునకును, తానికాయకును సమానమైన అక్షశబ్దమును గూర్చి యేకశేషప్రకరణమున మహాభాష్యకారుఁడు చర్చించెను. సెట్ విషయమున రెండు పక్షములును జరితార్థములు. నామము, క్రియ యను రెంటినిబట్టి చూడఁగా శబ్దములు వేఱు. క్రియయందలి యాఱు తెఱఁగులను జూడఁగా శబ్ద మొక్కటే. ఈ విభాగమును జేయని నిఘంటువు బంధువులను బరులతోఁ గలిపి యొకే పంక్తిలోఁ గూర్చుండఁబెట్టినట్లగును.

గణితశాస్త్రమున సెట్ శబ్దమునకు మఱియొక గతి పట్టినది. 1874 మొదలు కాంటరు అను జర్మను గణితవేత్త స్థాపించిన సిద్ధాంతమున ‘మెంగె’ యను జర్మనుమాటకు బదులుగా నాంగ్లమున సెట్ అని వాడుదురు. తెలుఁగు పాఠ్యగ్రంథములలో దానికి సమితి యని పేరు. లోకమునఁ బాత్రలు లేని పాత్రల సెట్టు లేదు. గణితమున నంశ మొక్కటియు లేని శూన్యసమితి కలదు. అంశముల వరుస మాఱినను సమితి మాఱదు. ఒక యంశమును రెండుమాఱులు వ్రాసినను నది యొక్కటే. పాణిని వృద్ధిశబ్దమును ఆ, ఐ, ఔ అను వర్ణములకు సంజ్ఞగాఁ జేసినపుడు, పెరుఁగుట యను లోకార్థ మచట వెనుకకుఁ బోయినట్లే యిదియును. సంజ్ఞార్థమును లోకార్థముతోఁ గొలువరాదు.

తెలుఁగునాట నీ ధ్వని కింకను గొన్ని చుట్టఱికములు లేని పొరుగులు గలవు. ప్రవేశపరీక్షల పేళ్లయిన ఐసెట్, లాసెట్, ఎడ్‌సెట్ అనువానిలోని సెట్ మూఁ డాంగ్లశబ్దముల మొదటి యక్షరముల కూర్పు; దానికి సద్ ధాతువు లేదు, సచ్ ధాతువు లేదు. వర్తకుల పేళ్లలోని సెట్టి శ్రేష్ఠిశబ్దభవము, ప్రాకృతద్వారమున వచ్చినది. చెవికి దగ్గఱయైన వీనికి అర్థసంబంధము లేశమును లేదు.

అర్థనిర్ణయసాధనములు

ఇన్ని యర్థములలో నొకదానిని వినువాఁడు క్షణములో నెట్లు గ్రహించుచున్నాఁడు? భర్తృహరి వాక్యపదీయమున సంయోగము, విప్రయోగము, సాహచర్యము, విరోధము, ప్రయోజనము, ప్రకరణము, లింగము, శబ్దాంతరసన్నిధి, సామర్థ్యము, ఔచిత్యము, దేశము, కాలము మొదలగువానిని విశేషార్థస్మృతికి హేతువులుగాఁ బరిగణించియున్నాఁడు. ఇవి సంస్కృతమునకే చెందినవి కావు.

సూర్యునితోఁ గూడిన సెట్ అస్తమయము. ఎముకతోఁ గూడినది వైద్యము. రత్నముతోఁ గూడినది పొదుగుట: ఇవి శబ్దాంతరసన్నిధికి లక్ష్యములు. టెన్నిసు ఆడుచోట సెట్ అనఁగాఁ గొన్ని గేముల సముదాయము. చలనచిత్రము తీయుచోటఁ గొయ్యతోను, గుడ్డతోను నిలిపిన కృత్రిమగృహము: ఇది దేశము. న్యాయస్థానమున తీర్పుతోఁ గూడినది రద్దు. ఇంటిలో ధనముతోఁ గూడినది ప్రత్యేకించుట: ఇది ప్రకరణము. సామర్థ్యమునకును జోటు గలదు. ఉపాధ్యాయుఁడు పరీక్షాపత్రమును సెట్ చేసెనన్నచో గట్టిపఱచెనని యర్థము గాదు; కాగితమునకు గడ్డకట్టు యోగ్యత లేదు.

ఈ సహాయములు వ్యాకరణరూపముల లోపమును గూడఁ దీర్చుచున్నవి. సెట్ క్రియకు వర్తమానమున, భూతమున, నిష్ఠారూపమున నాకార మొక్కటే. భూతకాలప్రత్యయము దంత్యమగుటచే ధాతువు చివరి తకారములో లీనమైపోయినది. కట్, పుట్, హిట్, షట్ అనునవియు నిట్టివే. ‘వారు సెట్ ఔట్’ అన్నచో బయలుదేరుదురా, బయలుదేరిరా యనునది రూపమున లేదు. ప్రక్కనున్న కాలవాచకమువలనఁ దెలియవలెను. ప్రథమపురుషైకవచనమునందు మాత్రము వర్తమానమున సకారము చేరి భేదము చూపును.

ఫలితము

కాఁబట్టి యిట్టి శబ్దములకుఁ దెలుఁగునిఘంటువు వ్రాయువారును, పాఠము చెప్పువారును మూఁడు నియమములను బాటింపవలసియున్నది. ధాతువులు వేఱైన శబ్దములను వేఱు వేఱు శీర్షికల క్రిందఁ జూపవలెను. ఒకే ధాతువునకుఁ జెందిన యర్థములను మూలార్థమునుండి కలిగిన యనుక్రమమునఁ గూర్పవలెను. అపుడు నాలుగువంద లాఱగును. ప్రతి యర్థమునకు నొక వాక్యమును జేర్పవలెను. వాక్యము లేని యర్థము, ప్రకరణము లేని సైంధవము వంటిది.

మూఁడవ నియమము మొదటి రెంటికంటె ముఖ్యమైనది. ధాతువు అర్థమెట్లు పుట్టినదో చెప్పఁగలదు. ఈ వాక్యమున నేది గ్రాహ్యమో చెప్పలేదు. వ్యాకరణమునఁ గృషి చేసినవారు వ్యుత్పత్తి తెలిసినంతనే యర్థము తెలిసినదని తలంచుట సహజము. గోశబ్దమునకు గమనార్థమున వ్యుత్పత్తి చెప్పినను, పండుకొన్న యావు ఆవు గాకపోదు. అట్లే, సెట్ శబ్దమునకు నుంచుట మూలార్థమైనను, సెట్ అసైడ్ చేయఁబడిన డిక్రీ యెచ్చటను నుంచఁబడలేదు. ధనమునకుఁ బ్రత్యేకించుట యనియు, అభ్యంతరమునకుఁ ద్రోసిపుచ్చుట యనియు, తీర్పునకు రద్దుచేయుట యనియు మూఁడు మాటలను నేర్పినచో, విద్యార్థి పరీక్షలో గెలుచుటయే గాక, రేపు కోర్టుకాగితమును జదివి వినిపించుమని యూరివాఁ డెవఁడైన వచ్చినపు డాతనికి డిక్రీ యున్నదో పోయినదో సరిగాఁ జెప్పఁగలఁడు.